వానయు, రెక్కల ప్రాణులును

ఒక యేట మధిర పరిసరములలో పసుపువన్నె సీతాకోకచిలుకలు గుంపులుగా నెగురును. మరియొక యేట కొలదిగానే కానవచ్చును. కారణమేమని విద్యార్థులు మమ్మడుగుచుందురు.

తొలి కారణము వాన. తొలకరికి రేలచెట్టు లేతాకు తొడుగును. సీతాకోకచిలుక దానిపై గ్రుడ్లు పెట్టును; పురుగులు ఆ యాకునే మేయును. మూడు నాలుగు వారములలో క్రొత్తతరము రెక్కలు విప్పును. కావున వాన కురిసిన త్వరగా పెరుగును, తప్పిన త్వరగా తగ్గును.

రెండవ కారణము జాతిలక్షణము. గిజిగాడును వానకాలముననే గూడల్లును; పచ్చిగడ్డియు, పిల్లలకు పురుగులును అప్పుడే సమృద్ధిగా దొరకును. కాని యది కొన్నియేండ్లు బ్రదుకును, గింజలు తిని పొలములందు కాలము గడుపును. ఒక యేడు వాన తప్పినను మరుసటి వానకు మరల గూడల్లును.

కడప సీమలోని కలివికోడి యట్టిది కాదు. ముండ్లపొదలు పలుచగా నున్న నేలయే దాని నెలవు. 1900 తరువాత కానరాక, నశించెనని తలపబడి, 1986లో మరల కనుగొనబడెను. పొదలు నరికినచో నెంతటి వానయు దానిని కాపాడజాలదు.

విద్యార్థులారా, ఒక్క యేటి లెక్కతో తీర్పు చెప్పకుడు. ఏటేట చూచి వ్రాసియుంచుడు. వాన మన చేతిలో లేదు. రేలచెట్టును, ముండ్లపొదయు మన చేతిలోనే యున్నవి.