బండి వెనుక ఇరుసులో చప్పుడు

హిందూపురము మార్కెట్టుకు పట్టుగూళ్లు తెచ్చు బండ్లలోను, అక్కడి నుండి చింతపండు, ఎండుమిరప మూటలు తీసుకొనిపోవు బండ్లలోను నేడు పికప్ బండ్లు విరివిగా కనబడుచున్నవి. పెనుకొండ మీదుగా ధర్మవరము పోయి, మగ్గముల వారికి పట్టునూలు దించి, రాత్రికి మరల ఇల్లు చేరుకొను బండ్లును కలవు. వీటిలో పెక్కింటికి యజమానియు డ్రైవరును ఒక్కడే. నెలనెలా వాయిదా కట్టవలెను. బండి ఒక దినము నిలిచినచో ఆ దినపు బాడుగ పోయినట్లే. అట్టివానికి వెనుక నుండి క్రొత్త చప్పుడు వినవచ్చినపుడు గుండె ఝల్లుమనుట సహజము. భయపడి వెంటనే ఇరుసు విప్పించువారు కొందరు. పాటలు గట్టిగా పెట్టుకొని ఆ చప్పుడు చెవిని బడకుండ చేసికొనువారు కొందరు. ఇరువురును నష్టపడుచున్నారు.

మేమెరిగిన ఒక బండి సంగతి చెప్పెదము. దాని యజమాని షెడ్డుకు వచ్చి, “ఏందన్నా ఇది, వెనకాల ఒకటే గుర్రుమంటాంది” అన్నాడు. మేస్త్రీ బండిని నడిపి చూడలేదు; క్రౌన్ పినియను పోయినదని చెప్పి క్రొత్త జత వేసినాడు. మూడు దినములు బండి షెడ్డులోనే యున్నది. అప్పు తెచ్చి డబ్బు కట్టి బయటకు తీసినాడు. సోమందేపల్లి చేరకమునుపే అదే గుర్రు మరల మొదలైనది! అయితే క్రొత్తగా తారు వేసిన చోట చప్పుడు సన్నగిల్లుటయు, గరుకు రోడ్డు రాగానే హెచ్చుటయు ఈసారి అతడు గమనించినాడు. రోడ్డును బట్టి ఇరుసు తన గొంతు మార్చుకొనదు. మార్చుకొనునది టైరు. వెనుక టైర్ల మీది పట్టీలు మెట్లుమెట్లుగా అరిగియున్నవి. ఆ టైర్లను ముందుకు, ముందు టైర్లను వెనుకకు మార్చగా గుర్రు కూడ ముందుకే వచ్చినది.

చప్పుడును ప్రశ్నించుటకు ముందు ఇరుసు చేయు పని కొంత తెలిసియుండవలెను. పెనుకొండ సమీపమున ఎర్రమంచి వద్ద 2019 నుండి తయారగుచున్న కియా కార్లలో చాలవరకు ముందు చక్రములే బండిని లాగును. వాటి వెనుక ఇరుసు బరువు మోయుటకే. సాధారణముగా మన పికప్ బండి అట్లు కాదు. ఇంజను బలము గేరుపెట్టె నుండి పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టు గుండ వెనుకకు వచ్చి, అచట పినియను అను చిన్న పండ్లచక్రమును త్రిప్పును. అది క్రౌను అను పెద్ద చక్రమును త్రిప్పును. పినియను సుమారు నాలుగు చుట్లు తిరిగినగాని బండి చక్రము ఒక చుట్టు తిరుగదు. బండిని బట్టి ఈ లెక్క కొంత మారును. క్రౌను లోపల మరికొన్ని చిన్న పండ్లచక్రములు కలవు. మలుపులో వెలుపలి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము పోవలెను గదా. ఆ తేడాను సరిపెట్టునవి ఇవి. బండి తిన్నగా పోవుచున్నంతసేపు ఇవి తమలో తాము తిరుగక ఊరక యుండును.

ఇక మొదటి ప్రశ్న. చప్పుడు నిజముగా ఇరుసుదేనా? బండిని నిలిపి, న్యూట్రల్‌లో ఇంజనును రేపి చూడవలెను. నిలిచియున్న బండిలోను ఆ చప్పుడు వినబడినచో ఇరుసును అనుమానింప పనిలేదు. తరువాత సమతలమైన, రద్దీ లేని రోడ్డు మీద ఒకే వేగమున పోవుచు ఒక గేరు తగ్గించి చూడవలెను. ఇంజను వేగము పెరుగును, బండి వేగము పెరుగదు. గొంతు ఇంజనుతో పాటు హెచ్చినచో దోషము ముందున్నది. బండి వేగమునే పట్టుకొనియున్నచో వెనుకకు రావచ్చును. ఒక్క మాట. వినుటకై మనిషిని వెనుక తొట్టిలో కూర్చుండబెట్టి బండి తోలుట ఈ ప్రాంతపు షెడ్లలో అలవాటు. అది ప్రాణముతో చెలగాటము. డ్రైవరు ప్రక్కన కూర్చున్నవాడు వినిన చాలును.

రెండవ పరీక్షకు మన రోడ్డే తోడు. హిందూపురము సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది. ధర్మవరము 350 మీటర్లకు లోపు. మొత్తము మీద వాలు సన్ననిదే యైనను పెనుకొండ కొండల చుట్టుప్రక్కల ఎత్తుపల్లములు తరచుగా వచ్చును. ఎక్కునపుడు ఇంజను బండిని లాగును. అప్పుడు పండ్లచక్రముల ఒక ముఖము మీద ఒత్తిడి. దిగుచు కాలు తీసినపుడు బండియే ఇంజనును త్రిప్పును. ఒత్తిడి రెండవ ముఖము మీదికి మారును. కనుక ఎక్కునపుడు ఈలవలె సన్నగా మూలిగి, కాలు తీయగానే ఆగునది గాని, అందుకు విరుద్ధముగా దిగునపుడే మూలుగునది గాని క్రౌన్ పినియను పండ్లదో, పినియను బేరింగులదో అయియుండును. లాగినను విడిచినను భేదము లేక, వేగముతో మాత్రమే హెచ్చు గుర్రు చక్రపు బేరింగుదో టైరుదో. ఈ పరీక్ష కొరకు వాలులో బండిని న్యూట్రల్ చేయుటగాని, ఇంజను ఆపుటగాని ఎన్నడును కూడదు. బ్రేకు బలము సన్నగిల్లును.

బేరింగుదా, టైరుదా అని తేల్చుటకు రోడ్డు ఉపరితలము చాలును. పై కథలో చూచితిమి. బేరింగేయని తేలినచో ఏ ప్రక్కది? ఎడమకు మలుపు తిరుగునపుడు బరువు కుడి చక్రము మీద పడును. అప్పుడు గుర్రు హెచ్చినచో కుడి బేరింగును ముందు చూడవలెను. కుడి మలుపులో హెచ్చినచో ఎడమది. మలుపులలో మాత్రమే కటకటలాడి, తిన్నని రోడ్డు మీద నిశ్శబ్దముగా నుండు బండిలో క్రౌను లోపలి చిన్న చక్రములను శంకింపవలెను. తక్కిన చప్పుళ్లు తేలికగా తెలియును. గేరు వేసి క్లచ్చి వదలగానే టక్కుమని ఒక్క దెబ్బ వినబడినచో ముందు ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులను పట్టి త్రిప్పి చూడవలెను; మెల్లగా పోవునపుడు పిచ్చుకవలె కిచకిచలాడునది గ్రీజు లేని క్రాసు. గుంటలలో దడదడలాడునవి కమాను బుష్షులు, వదులైన యూ-బోల్టులు. చేతిబ్రేకు కొద్దిగా లాగగానే మారునది బ్రేకు డ్రమ్ములోనిది.

ఆ తరువాతనే జాకీ. గట్టి, చదునైన నేల మీద ముందు చక్రములకు అడ్డు పెట్టి, ఇరుసును ఎత్తి, స్టాండ్ల మీద నిలుపవలెను. వట్టి జాకీ మీద నిలిపిన బండి క్రిందికి చేయి కూడ పోనీయరాదు. చేతిబ్రేకు వదలి, ఒక చేతితో చక్రమును నెమ్మదిగా త్రిప్పుచు రెండవ చేతిని కమాను మీద ఉంచవలెను. చెవికి అందని గరుకుతనము ఆ ఉక్కుపట్టీల గుండ వ్రేళ్లకు అందును. బండి గేరులో నున్నపుడు ఒక చక్రమును త్రిప్పగా రెండవది ఎదురు దిక్కున తిరుగును. అది దోషము కాదు, చిన్న పండ్లచక్రముల ధర్మము. పిదప చక్రమును పైన, క్రింద పట్టి ఊపి చూడవలెను.

ఈ ఊపులో వదులు కనబడినచో బండిని ఇక బాడుగకు పంపరాదు. హబ్బు నడుమ వలయముగా బోల్టులు వేసిన బండ్లలో చక్రపు బరువును హౌసింగే మోయును. లోపలి షాఫ్టు త్రిప్పుటకు మాత్రమే. అట్లు కాక షాఫ్టే బరువును మోయు చిన్న బండ్లును కలవు. అట్టివానిలో బేరింగు పూర్తిగా చితికినచో షాఫ్టుతో సహా చక్రము బయటకు జారిపోవచ్చును. జాతీయ రహదారి 44 మీద, వెనుక పెద్ద లారీలు వచ్చుచుండగా, మూటలతో నిండిన బండికి ఆ గతి పట్టిన ఏమగునో వ్రాయనక్కరలేదు. వారము రోజులుగా వినబడుచుండిన గుర్రు అదేనని ఆ వెనుక తెలియును.

నూనె చెప్పు సాక్ష్యమును మేము అన్నిటికంటె ఎక్కువగా నమ్ముదుము. బండి సమముగా నిలిచియుండగా నూనె పోయు రంధ్రము అంచు వరకు నూనె ఉండవలెను. పినియను క్రౌను నడిమికి కాక కొంచెము క్రిందుగా తాకు అమరికను అమెరికాలో ప్యాకార్డు కంపెనీ 1920లలో కార్లలో ప్రవేశపెట్టినది; దీనినే హైపాయిడ్ అందురు. ఇందులో పండ్లు దొర్లుటయే కాక ఒకదానిపై నొకటి గట్టిగా రాచుకొనుచు జారును. అందువలననే దీనికి ప్రత్యేకమైన గేరు నూనె, సామాన్యముగా జి.ఎల్. 5 తరగతిది, కావలెను. ఇంజను నూనె పనికిరాదు. కాచిన నూనెను తెల్లని పళ్లెములో పోసి చూడుడు. బిరడా అయస్కాంతమునకు బూడిదరంగు మెత్తని ముద్ద అంటుట సహజమైన అరుగుదల. గోటితో తీయగల పెళుసులు కనబడినచో మాత్రము హౌసింగు విప్పక తప్పదు. నూనె పాలవలె తెల్లబడినచో వంకలో దాటినపుడు నీరు చొచ్చినదన్నమాట. ఇరుసు మీది గాలి రంధ్రము మట్టితో పూడియున్నదేమో చూడవలెను. అది పూడినచో వేడిగాలి బయటకు పోలేక సీళ్ల గుండ నూనెను నెట్టును.

సీలు మాట వచ్చినది గనుక మరొకటి. పినియను సీలు మార్పించిన మరునాటి నుండి ఈల మొదలైనదని చెప్పువారు పలువురు. పినియను నట్టు బిగింపులోనే బేరింగుల బిగువు ఇమిడియున్నది. విప్పుటకు ముందు గుర్తు పెట్టుకొనక అంచనాగా బిగించినచో, ఎక్కువైనను తక్కువైనను మంచి ఇరుసు కూడ చెడును. పినియను, క్రౌను కర్మాగారములో జతగా అరగదీయబడినవి. ఒకటి పోయిన రెండింటిని మార్చవలెను. వాటి పండ్ల నడుమ ఖాళీ సామాన్యముగా మిల్లీమీటరులో పదవ పాలు మొదలు రెండు పదవ పాళ్ల వరకు. డయలు గేజి లేని షెడ్డులో చేతి ఊపుతో దానిని చూచుట మాకు సమ్మతము కాదు.

క్రొత్త జత వేసిన పిదప మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు తగ్గించి, నడుమ నడుమ ఆగి హౌసింగు చల్లారనీయుచు తోలవలెను. తరువాత నూనె మార్చవలెను. మేము చెప్పిన ఆ బండి యజమాని, నిజమునకు అవసరమే లేని క్రొత్త క్రౌన్ పినియను కొరకు, ఇంకను సగము మూటలతోనే ధర్మవరము పోయి వచ్చుచున్నాడు.