మూణ్ణెల్ల చెరువు

జూన్‌లో ధవళేశ్వరం దగ్గర తలుపులు ఎత్తారంటే గోదావరి కాలువల్లో దిగుతుంది. కాలువల్లోంచి బోదెల్లోకి, బోదెల్లోంచి నెర్రెలిచ్చిన మళ్లలోకి. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ డెల్టాకు అలవాటైన రాక ఇది. రైతు దాన్ని దమ్ముకు తడి అంటాడు. కానీ ఆ మట్టిలో ఆ నీటి కోసమే కాచుకుని ఉన్న వాళ్లు ఇంకా ఉన్నారు.

వేసవంతా మాడిన ఆ మన్నులో గుడ్లుంటాయి. కంటికి ఆననంత చిన్నవి, గట్టి పెంకువి. రొయ్యకు దూరపు బంధువులైన చిన్న చిన్న నీటి జీవులు పోతూ పోతూ విడిచిన ఆస్తి అది. తడి తగిలిన కొద్ది రోజులకే పొదుగుతాయి. మోయినా వంటి నీటి ఈగల కాపురం మరీ విచిత్రం. నీళ్లు నిండుగా, మేత దండిగా ఉన్నన్నాళ్లూ ఆడవే ఆడవాటిని కంటాయి, మగవాటితో పనే పడదు. నీరు ఇంకడం, ఇరుకవడం మొదలయ్యాకే మగవి పుడతాయి. అప్పుడు జతకట్టి, ఎండను తట్టుకునే ఆ గట్టి గుడ్లు పెడతాయి. కరువు వాసన తగిలితేనే పెళ్లి!

రెండు చిప్పల మధ్య ఒళ్లు దాచుకున్న ఆస్ట్రకాడ్‌లూ ఈ నీళ్లలోనే తిరుగుతాయి. గాలిలోని నత్రజనిని పట్టి మడికి ఇచ్చే నీలి ఆకుపచ్చ నాచును ఇవి మేసేస్తాయి కనుక రైతుకు మరీ ఆప్తులని చెప్పలేం. అడుగున బురదలో సన్నని ఎర్రపురుగులు, కుట్టని దోమల పిల్లలు. ఆ ఎరుపు మన నెత్తుటిలో ఉండే హిమోగ్లోబిన్‌దే. ఊపిరాడని బురదలో ఉన్న కాస్త ప్రాణవాయువును అదే పట్టి ఉంచుతుంది.

శ్రీలంకలో కురునేగల జిల్లా బతలగొడ దగ్గర సాగునీటి వరిపొలాలను పరిశోధకులు ఓపిగ్గా గాలిస్తే, నీళ్లలోవీ దుబ్బుల మీదవీ కలిపి 494 రకాల వెన్నెముక లేని జీవులు తేలాయి. వాటిలో 15 ఆ దేశంలో అంతకుముందు నమోదే కానివి. ఇంత మందిలో నా ఓటు మాత్రం డిప్లోనైకస్ అనే నీటినల్లికే. ఆడది గుడ్లను మగవాడి వీపు మీదే అంటించి తన దారిన పోతుంది. ఇక మోత అతనిది. వీపు నిండా గుడ్లతో రెక్క విప్పే వీలుండదు. నీటి పైకి తేలి గుడ్లకు గాలి తగలనిస్తాడు, మళ్లీ మునుగుతాడు, వెనక కాళ్లతో వాటిని నిమురుతాడు. పిల్లలు ఒక్కొక్కటే వీపు మీంచి ఈదుకుపోయే దాకా అంతే. అంత ఓర్పున్న ఈ తండ్రే దోమపిల్ల ఎదురైతే వదలడు, పట్టి పీల్చేస్తాడు.

ఊడ్పులయ్యేసరికి తూనీగలు దిగుతాయి. రుతుపవనాల గాలితో వలసవచ్చే పాంటాలా అనే జాతి ఇది. సముద్రాలు దాటే రెక్కలున్నా గుడ్లకు మాత్రం దానికి లోతులేని నీళ్లే కావాలి. పిల్లకు మొప్పలు పెద్దపేగు చివర ఉంటాయి. వెనక నుంచి నీళ్లు లోపలికి పీల్చి ఊపిరి తీసుకుంటుంది, ప్రమాదం వస్తే ఆ నీటినే చిమ్మి ముందుకు దూకుతుంది. కింది పెదవిని మడిచి ముఖం కింద దాచుకుని, దోమపిల్ల దగ్గరకొచ్చిందో లేదో విసిరి పట్టేస్తుంది. సుమారు ఆరు వారాలకు వరి కాడ పట్టుకుని పైకొచ్చి, వీపు చీల్చుకుని ఎగురుతుంది. మడి ఎండకముందే పని ముగించాలని తొందర.

వీటివల్ల వరికి ఒరిగేదేమిటి? జావా దీవి పొలాల్లో విలియం సెటిల్, ఆయన సహచరులు చేసి 1996లో ప్రకటించిన పని దీనికి జవాబు. నాట్లు పడిన తొలి వారాల్లో పైరు మీద పురుగు ఉండదు. అప్పుడు సాలీళ్లకు, నీటి మీద పరుగెత్తే నల్లులకు తిండి ఈ నీళ్లలోంచే లేస్తుంది. కుట్టని దోమలను తిని అవి పెరుగుతాయి. తర్వాత వరి రసం పీల్చే సుడిదోమ వచ్చేసరికి కాపలా సిద్ధంగా ఉంటుంది. దుబ్బు మీంచి నీళ్లలో జారిపడిన సుడిదోమ పిల్లను మైక్రోవీలియా అనే చిట్టి నల్లులు గుంపుగా చుట్టేస్తాయి. ముందుగానే మందు కొడితే చచ్చేది ఈ కాపలాయే, ఆ తర్వాత వచ్చే సుడిదోమకు అడ్డుండదు. ఆ దెబ్బ తిన్నాకే ఇండోనేషియా 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది. పురుగు జాడ లేకుండానే, పక్క చేలో చల్లారని గుళికలు చల్లే మన అలవాటు నాకు అందుకే మింగుడుపడదు.

పైరు పండుతుండగా నీళ్లు తీసేస్తారు. రెక్కలున్నవి కాలువలకు, చెరువులకు పోతాయి. ఎండ్రకాయలు గట్టు బొరియల్లో దూరతాయి. నత్తగుల్ల బురదలోకి దిగి మూత బిగించుకుంటుంది, అంతకుముందే నత్తగుల్ల కొంగ ముక్కున పడకపోతే. నీటి ఈగల గుడ్లు మట్టిలోనే మిగులుతాయి. తొలి తడికే అన్నీ పొదగవు, కొన్ని ఆ తర్వాతి తడికో, ఇంకో ఏటికో ఆగుతాయి. నవంబరులో చైను మిషను కోతకు దిగి, ఒక మడి బురదను పట్టీలకు అంటించుకుని గట్టు దాటి పక్క మడిలోకి పోతుంది. ఆ బురదలో కొన్ని గుడ్లు కూడా.