దానపు రీతి, కళాశాల గతి: తొలి దాతల నుంచి నేర్వదగినది

వరంగల్‌లో సి.కె.ఎం. కళాశాలకు దారి అడిగితే ఎవరైనా చెప్పగలరు. ఆ పొడి అక్షరాలను విప్పి ‘చందా కాంతయ్య స్మారక కళాశాల’ అని చదివే విద్యార్థులు మాత్రం అందరూ ఉండరు. విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్., జె.వి.డి. కళాశాలల సంగతీ ఇంచుమించు ఇంతే. పేరు మరుగున పడినా, దాత తన దానాన్ని ఏ రూపంలో ఇచ్చాడన్నది సంస్థ నడకను చాలాకాలం ప్రభావితం చేస్తుంది. వ్యవసాయ విద్యలో ఉన్నవారు ఈ అంశాన్ని ప్రత్యేకంగా పరిశీలించవలసి ఉన్నది.

అంకితం వెంకట నరసింగరావు వీలునామా ద్వారా ఇచ్చిన ఆస్తితో విశాఖలోని హిందూ కళాశాల నిలదొక్కుకొని, ఆయన భార్య పేరిట ‘మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల’ అయినది. సి.వి. రామన్ తొలి చదువు అక్కడే సాగింది.

జయపురం మహారాజు విక్రమదేవ వర్మ పద్ధతి వేరు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులుగా ఉన్న కాలంలో రూపుదిద్దుకొన్న శాస్త్ర సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఏకమొత్తంగా ఇచ్చిన ధనంతో భవనం లేస్తుంది. కానీ ఆచార్యుల జీతానికి, ప్రయోగశాలలో ప్రతి ఏడూ ఖర్చయ్యే రసాయనాలకు ఏటా వచ్చే ఆదాయం కావాలి. ఈ విషయాన్ని గ్రహించిన దాతలు అరుదు. అయితే ఆ లక్షకు మూలం జమీందారీ శిస్తు, అనగా రైతు చెమట. 1936లో జయపురం ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. 1951లో ఒరిస్సా ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. అటువంటి దానాలకు ఆధారమైన ఆదాయమే అంతటితో అంతరించింది.

వ్యవసాయ పరిశోధనకు సంబంధించిన ప్రసిద్ధ దానం విదేశీయునిది. అమెరికా ఉక్కు వ్యాపారి హెన్రీ ఫిప్స్ వైస్రాయి కర్జన్‌కు 30,000 పౌండ్లు అందజేశారు. అందులో కొంత కూనూరు పాశ్చర్ సంస్థకు పోగా, అధికభాగంతో 1905లో బీహారులోని పూసాలో పరిశోధన సంస్థ, కళాశాల ఏర్పడినవి. హోవార్డ్ దంపతుల గోధుమ రకాలు అక్కడే రూపొందాయి. 1934 జనవరి 15 నాటి భూకంపంలో ఫిప్స్ ధనంతో కట్టిన భవనం దెబ్బతిన్నది. 1936లో సంస్థ ఢిల్లీకి తరలినది. భవనం పోయినా పని ఆగలేదు, ‘పూసా’ అన్న పేరూ వెంట వచ్చింది. ఆ పేరు ‘ఫిప్స్ ఆఫ్ యు.ఎస్.ఎ.’ నుంచి పుట్టిందని విద్యార్థులు చెప్పుకొనే మాట చమత్కారమే. ఊరి పేరు అంతకుముందే ఉన్నది.

మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి నమూనా అయినది మాత్రం వ్యక్తి దానం కాదు. 1862 నాటి అమెరికా మోరిల్ చట్టం ప్రతి రాష్ట్రానికి, కాంగ్రెస్‌లోని ఒక్కొక్క సభ్యునికి 30,000 ఎకరాల చొప్పున భూమి కేటాయించింది. ఆ భూమిలో చాలాభాగం ఆదివాసుల నుంచి తీసుకొన్నదే అన్న సంగతి మరువరాదు. అమ్మగా వచ్చిన మూలధనాన్ని తరగనీయక, వడ్డీని మాత్రమే ఖర్చు చేయాలన్నది నియమం. పదోవంతుకు మించకుండా మూలధనాన్ని కళాశాల స్థలానికి గాని, ప్రయోగ క్షేత్రానికి గాని వెచ్చించవచ్చు, భవనాలకు వీలులేదు.

1964 జూన్ 12న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం బోధన, పరిశోధన, విస్తరణలను ఒకేచోట చేర్చే ఆ సంప్రదాయాన్ని స్వీకరించింది. బాపట్ల, రాజేంద్రనగర్, తిరుపతి కళాశాలలు అందులో భాగమైనవి. ఆ పాత కళాశాలల చుట్టూ పట్టణాలు పెరిగి, క్షేత్రాల భూమి విలువ పంట విలువను ఎన్నడో దాటిపోయింది. పూర్వ విద్యార్థులు నేడు ముందుకు వస్తే సాధారణంగా ప్రవేశద్వారమో, సమావేశ మందిరమో నిర్మిస్తామంటారు. శాశ్వత ఎరువుల ప్రయోగం సాగే మడికి కంచె, నీరు, కూలి ఏటా సమకూర్చే నిధిని, ఆ మడిని మరొక పనికి వాడరాదన్న షరతుతో సహా, దానపత్రంలో వ్రాయించమని వారిని కోరవలసిన బాధ్యత కళాశాల పెద్దలదే.