అమ్మానాన్నలకు ఇంకా బూస్టర్ కావాలా?

పండుగ సెలవులకు ఊళ్ళకు వెళ్ళిన మాలో చాలామందికి ఇంట్లో ఒకే ప్రశ్న ఎదురైంది. "మళ్ళా కరోనా అంటున్నరు గదా, ఇంకో సూది ఏయించుకోవాల్నా?" అడిగినవాళ్ళు ముసలివాళ్ళు కాదు. నలభై, యాభై ఏళ్ళ వయసున్న మా అమ్మానాన్నలు, మేనమామలు, పెద్దమ్మలు. మిరపతోటల్లో కూలికి పోయేవాళ్ళు, మణుగూరు బొగ్గు గనుల దగ్గర కాంట్రాక్టు పని చేసేవాళ్ళు, వేసవిలో తునికాకు కోసేవాళ్ళు. హాస్టల్లో ఉండి సైన్సు చదువుతున్నారు కదా, పిల్లలకు తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. వాళ్ళకు చెప్పడానికి మేము చదివి, అడిగి తెలుసుకున్న విషయాలను ఈ వార్షికోత్సవ సంచికలో మీతో పంచుకుంటున్నాం.

మిత్రులారా! ముందు జవాబు చెప్పేస్తాం. 2021లో, 2022లో టీకాలు వేసుకుని, వేరే జబ్బులేవీ లేని మధ్యవయసువారికి ఏటేటా బూస్టర్ అవసరం లేదు. ఒట్టి జలుబుకో, రెండు రోజుల దగ్గుకో కరోనా పరీక్ష కూడా అక్కరలేదు. అయితే 'వేరే జబ్బులేవీ లేని' అన్న మాట దగ్గరే అసలు చిక్కంతా ఉంది. దాని సంగతి తరువాత చెబుతాం.

మన దేశంలో టీకా కార్యక్రమం 2021 జనవరి 16న మొదలైంది. మొదట ఆసుపత్రి సిబ్బందికి, ఆ తరువాత మార్చి 1 నుంచి అరవై దాటినవారికి, జబ్బులున్న నలభై ఐదేళ్ళవారికి వేశారు. జబ్బు ఉన్నా లేకున్నా నలభై ఐదు దాటిన అందరికీ ఏప్రిల్ 1 నుంచి, పద్దెనిమిది దాటినవారికి మే 1 నుంచి అవకాశం వచ్చింది. మన దగ్గర ఎక్కువగా వేసింది పుణెలో తయారైన కోవిషీల్డ్, హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్. హైదరాబాదుదే అయిన బయొలాజికల్-ఇ సంస్థ కోర్బెవాక్స్ తరువాత వచ్చింది. పన్నెండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు 2022 మార్చి 16 నుంచి ఇచ్చింది దాన్నే. ప్రపంచానికి టీకాలు పంపే నగరం మన రాజధాని కావడం మనకు గర్వకారణమే.

మూడో డోసును మన ప్రభుత్వం బూస్టర్ అనకుండా 'ప్రికాషన్ డోసు' అన్నది. పద్దెనిమిది దాటిన అందరికీ దాన్ని 2022 జూలై 15 నుంచి 75 రోజులపాటు ఉచితంగా వేస్తామని ప్రకటించింది. ఆ తేదీ మన ప్రాంతం వాళ్ళకు వేరే కారణంగా గుర్తుండాలి. మరునాడే, అంటే జూలై 16న, భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంత నీరు మళ్ళీ అప్పుడే చూశాం. ఒడ్డు గ్రామాల వాళ్ళు పునరావాస శిబిరాల్లో ఉంటే బూస్టర్ ఎవరికి గుర్తుంటుంది? ఉచిత గడువు సెప్టెంబరు 30తో ముగిసింది. మా ఇళ్ళల్లో ఎక్కువమంది రెండు డోసుల దగ్గరే ఆగిపోయారు. "మాది సగం టీకానే గదా" అన్న భయం వాళ్ళలో ఇప్పటికీ ఉంది.

భయపడవలసిన పని లేదని ఎందుకంటున్నామో చెబుతాం. టీకా వేసుకున్నాక రక్తంలో యాంటీబాడీలు పెరుగుతాయి, కొన్ని నెలల్లో తగ్గుతాయి. అవి తగ్గగానే వైరస్ మళ్ళీ ముక్కులోకి, గొంతులోకి దూరగలదు. అందుకే టీకా వేసుకున్నవారికి కూడా జలుబు, జ్వరం వస్తున్నాయి. దాన్ని చూసి 'టీకా పనిచేయలేదు' అనుకుంటారు. కానీ యాంటీబాడీలను తయారుచేసే జ్ఞాపక కణాలు, వైరస్ చేరిన కణాలను చంపే టీ కణాలు శరీరంలో చాలాకాలం ఉంటాయి. వరద ఒకసారి చూసిన ఊరు అనుకోండి. ఏటి ఒడ్డున రోజూ కావలి ఉండకపోవచ్చు. కానీ నీరు వస్తుందనగానే పడవ ఎక్కడుందో, ఎత్తైన బడి ఏదో అందరికీ తెలుసు. నీరు వీధిలోకి రావచ్చు గాని ప్రాణాలు పోవు. టీకా మిగిల్చే రక్షణ అటువంటిది.

పైగా మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు కరోనా సోకే ఉంటుంది. 2021 జూన్, జూలై నెలల్లో ఐసీఎంఆర్ దేశమంతటా రక్తపరీక్షల సర్వే చేస్తే ఆరేళ్ళు దాటినవారిలో 67.6 శాతం మందికి యాంటీబాడీలు కనిపించాయి. ఆ తరువాత 2022 జనవరిలో ఒమిక్రాన్ అంతకన్నా వేగంగా పాకింది. టీకా వల్ల వచ్చిన రక్షణ, జబ్బు వచ్చి తగ్గినందువల్ల వచ్చిన రక్షణ రెండూ కలిస్తే, తీవ్రమైన జబ్బు రాకుండా కాపాడే శక్తి ఒక్కదానివల్ల వచ్చేదానికన్నా గట్టిగా ఉంటుంది.

ఇది మా సొంత లెక్క కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2023 మార్చిలో ప్రజలను మూడు తరగతులుగా విడదీసింది. జబ్బులు లేని పెద్దలను మధ్య తరగతిలో పెట్టి, వీరికి మొదటి బూస్టర్ దాకా చాలునని, ఆపైన వేసుకుంటే ప్రమాదమేమీ లేకపోయినా వచ్చే లాభం తక్కువ కాబట్టి అందరికీ వేయమని చెప్పబోమని తేల్చింది. ఇంగ్లండు సంగతి చూడండి. 2022 చలికాలానికి ముందు యాభై దాటిన అందరికీ బూస్టర్ ఇచ్చారు. 2023లో ఆ వయసును 65కు, 2025లో 75కు పెంచారు. అమెరికాలో చాలాకాలం ఆరు నెలల పసిపిల్లల నుంచి అందరూ వేసుకోవాలన్నారు. 2025 ఆగస్టులో అక్కడి ఔషధ సంస్థ కొత్త టీకాల అనుమతిని 65 దాటినవారికి, అంతకన్నా చిన్నవారిలో ఏదో ఒక జబ్బు ముప్పు ఉన్నవారికి పరిమితం చేసింది. దాని మీద అక్కడి డాక్టర్ల మధ్య వాదోపవాదాలు నడిచాయి. అది వేరే కథ. మన అమ్మానాన్నలకు కావలసింది ఒక్కటే. వయసు ఒక్కటే చూసి నలభై ఐదేళ్ళ ఆరోగ్యవంతుణ్ణి మళ్ళీ వరుసలో నిలబెట్టడం చాలా దేశాలు మానుకున్నాయి.

మరి ఎవరికి కావాలి?

అదే నిపుణుల బృందం మొదటి తరగతిలో పెట్టినవారు వేరే ఉన్నారు. వృద్ధులు, చక్కెర వ్యాధి లేదా గుండెజబ్బు వంటివి ఉన్నవారు, హెచ్‌ఐవీ ఉన్నవారు, అవయవ మార్పిడి జరిగి రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు, గర్భిణులు, ఆశా కార్యకర్తల వంటి ఆరోగ్య సిబ్బంది. వీరికి చివరి డోసు తరువాత ఆరు నెలలకో, ఏడాదికో మరొకటి మంచిదన్నారు. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు, కొడవలి కణ వ్యాధి, అంటే సికిల్ సెల్ ఉన్నవారు కూడా డాక్టరును అడగవలసినవారే. ఈ వ్యాధి గిరిజన ప్రాంతాల్లో ఎక్కువ కాబట్టే కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న దాని నిర్మూలనకు ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. 2022లోలాగా ఇప్పుడు ఊరూరా టీకా శిబిరాలు లేవు. కాబట్టి అవసరమున్నవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును అడిగి, ఏ టీకా ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవాలి.

ఇప్పుడు ముందు చెప్పిన చిక్కు దగ్గరికి వద్దాం. మా నాన్నలను అడిగితే "నాకేం రోగం? బస్తా ఎత్తి లారీలో ఏస్త" అంటారు. నిజమే, వేస్తారు. కానీ బీపీ 160 ఉన్న మనిషి కూడా బస్తా ఎత్తగలడు. బీపీకి నొప్పి ఉండదు. చక్కెర వ్యాధి మొదట్లో దాహం, నీరసం తప్ప ఏమీ చూపించదు. ఎండలో పని చేసేవాళ్ళు దాహాన్ని జబ్బని అనుకోరు కదా! ఇటువంటి మనిషి తాను ఆరోగ్యవంతుణ్ణని నమ్మి, నాకు బూస్టర్ అక్కరలేదని నిర్ణయించుకుంటాడు. ఆ నిర్ణయానికి ఆధారం ఏమీ లేదు. ముప్పై దాటిన అందరికీ బీపీ, షుగరు ఉచితంగా చూసే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. ఏఎన్‌ఎం అక్క ఊరికి వచ్చినప్పుడు చూపించుకుంటే పది నిమిషాల పని. బీపీ 140/90 లేదా అంతకన్నా ఎక్కువగా పదేపదే వస్తున్నా, పరగడుపున షుగరు 126 లేదా అంతకు మించి ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మా అభిప్రాయంలో మన ఊళ్ళల్లో నలభై ఏళ్ళవారికి బూస్టర్ కంటే ముందు కావలసింది ఈ పది నిమిషాలే.

జ్వరం వస్తే ఏ పరీక్ష?

పట్నంలో జ్వరం వేరు, అడవి అంచున జ్వరం వేరు. వానాకాలంలో పినపాక వైపు ఒక మనిషికి చలిజ్వరం వస్తే మొదట అనుమానించవలసింది మలేరియాను. ఫాల్సిపారం రకం మలేరియా ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా రోజుల్లోనే మెదడుదాకా వెళ్ళి ప్రాణం తీయగలదు. కరోనా ఏమోనన్న భయంతో ఇంట్లో మూల గదిలో పడుకుని నాలుగు రోజులు గడిపేస్తే, ఆ నాలుగు రోజులే ముప్పు. ఆశా కార్యకర్త వేలి కొస నుంచి చుక్క రక్తం తీసి కిట్టు మీద పెడితే పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. డబ్బు తీసుకోరు. వైవాక్స్ రకమైతే క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు డాక్టరు చెప్పినట్లు వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే కాలేయంలో దాక్కున్న క్రిములు మళ్ళీ తిరగబెడతాయి. ఇది మన హాస్టల్ పిల్లలకు కూడా వర్తిస్తుంది.

కరోనా పరీక్ష ఎప్పుడు చేయించాలి? ఫలితం తెలిస్తే మనం చేసే పని మారుతుందా, లేదా అన్నది చూసుకోవాలి. జలుబు చేసిన నలభై ఐదేళ్ళ ఆరోగ్యవంతుడికి కరోనా ఉందని తేలినా, లేదని తేలినా చేసేది ఒకటే. విశ్రాంతి, నీళ్ళు, జ్వరానికి పారాసిటమాల్, దగ్గేటప్పుడు ముక్కూ నోరూ కప్పుకోవడం. ఐసీఎంఆర్ కూడా 2022 జనవరి 10న ఇచ్చిన సూచనల్లో లక్షణాలు లేనివారికి పరీక్ష అక్కరలేదని, రోగి దగ్గర మెలిగినవారిలో సైతం వయసు వల్లనో జబ్బుల వల్లనో ముప్పు ఉన్నవారికే చేయాలని చెప్పింది. అదే మనిషి ఇంట్లో డెబ్బై ఏళ్ళ తల్లి ఉంటే, నిండు గర్భిణి అయిన కూతురు ఉంటే, తానే ఆసుపత్రిలో పని చేస్తుంటే పరీక్షకు అర్థముంటుంది. ఇక ఆయాసం వచ్చినా, వేలికి పెట్టే ఆక్సీమీటరులో అంకె 94 కన్నా తగ్గినా ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. అక్కడ కరోనా పరీక్షతోపాటు మిగతావీ చేస్తారు.

ఒక చిన్న విషయం. పావుగంటలో తెలిసే ర్యాపిడ్ పరీక్షలో పాజిటివ్ వస్తే నమ్మవచ్చు. లక్షణాలుండి నెగెటివ్ వస్తే మాత్రం పూర్తిగా నమ్మడానికి లేదు. ఆర్టీపీసీఆర్ దానికి తిరగబడిన రకం. జబ్బు తగ్గిన కొన్ని వారాలకు కూడా చచ్చిన వైరస్ ముక్కలను పట్టుకుని పాజిటివ్ అంటుంది. అందుకని తగ్గిందో లేదో చూసుకోవడానికి మళ్ళీ మళ్ళీ పరీక్షలు చేయించడం డబ్బు దండగ.

2025 మే, జూన్ నెలల్లో కేసులు పెరిగాయని టీవీల్లో చూసి మా ఇళ్ళల్లో మళ్ళీ కలవరం మొదలైంది. అవి ఒమిక్రాన్ సంతతికి చెందిన రకాలే. ఎక్కువమందికి ఇంట్లోనే తగ్గిపోయింది.

టీకా వేసుకున్నందుకు ఇప్పుడేమైనా అవుతుందా అన్న భయం కూడా ఉంది. కోవిషీల్డ్ వల్ల చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని ఆస్ట్రాజెనెకా కంపెనీ బ్రిటన్ కోర్టులో ఒప్పుకున్న వార్త 2024లో ఊరూరా పాకింది. వార్త నిజమే. అయితే ఆ సమస్య టీకా వేసుకున్న మొదటి కొన్ని వారాల్లో, అదీ ఎక్కువగా మొదటి డోసు తరువాత వచ్చేది. 2021లో వేసుకున్నవారు దాని గురించి ఇప్పుడు భయపడనవసరం లేదు. గుండె ఆగి చనిపోయిన పడుచువాళ్ళ గురించి ఐసీఎంఆర్ 47 ఆసుపత్రుల్లో 18 నుంచి 45 ఏళ్ళవారి మీద అధ్యయనం చేసింది. టీకా వల్ల ఆ ముప్పు పెరిగినట్లు తేలలేదు. ముప్పు పెంచినవాటిలో కుటుంబంలో అటువంటి మరణాలు జరిగి ఉండడం, కరోనాతో ఆసుపత్రిలో చేరి ఉండడం, చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో అతిగా మద్యం తాగడం ఉన్నాయి. మూడోది ఇంట్లో చదివి వినిపించడానికి మాలో కొందరికి ధైర్యం చాలలేదు.

చివరగా ఇంకొకటి. జ్వరం వచ్చినవారిని ఆశా కార్యకర్త దగ్గరికో, ఆసుపత్రికో తీసుకుపోయేటప్పుడు జ్వరం ఏ రోజు మొదలైందో తేదీ రాసుకుని వెళ్ళండి. మలేరియా కాదని తేలితే మన దగ్గర తరువాతి అనుమానం డెంగీ. మొదటి ఐదు రోజుల్లో దానికి చేసే రక్తపరీక్ష వేరు, ఆ తరువాత చేసేది వేరు. "మొన్ననో, అటు మొన్ననో" అంటే ఏది చేయాలో వాళ్ళకు తెలియదు.