ఏ గుమ్మంలోంచి వచ్చావు?

సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామం పేరు మీలో కొందరైనా వినే ఉంటారు. 2016 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తొలి రోజుల్లోనే, ఇంటింటికీ చేరిన ఊరు అది. కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన వెంట్రుకంత గాజు పోగులోనే టెలిఫోను, ఇంటర్నెట్, టెలివిజన్ మూడూ వచ్చాయి.

చిన్న లెక్క వేద్దాం. ఒక క్రికెట్ ఆటను వెయ్యి ఇళ్ళవారు ఒకేసారి చూస్తున్నారనుకోండి. ఒక్కో బొమ్మకు సెకనుకు 4 మెగాబిట్లు కావాలనుకుందాం. ఇంటికొక ప్రతి పంపితే 4,000 మెగాబిట్లు! అలాకాక ఒకే ప్రతిని పంపి, దారి చీలినచోట మాత్రమే నకలు తీస్తే మొదటి దారిలో 4 చాలు. దీన్నే మల్టీకాస్ట్ అంటారు. కాలువ చీలి బోదెల్లోకి పోయినట్లే అన్నమాట. కాని కాలువ నీరు చీలినకొద్దీ తగ్గుతుంది, ఇది తగ్గదు. మన శివారు రైతు వింటే అసూయపడతాడు!

నకలు తీసే యంత్రం పేరు రూటర్. దానికొక భయం ఉంది. నకళ్ళు చుట్టూ తిరిగి మళ్ళీ తన దగ్గరకే వస్తే, వాటికీ నకళ్ళు తీస్తుంది. క్షణాల్లో దారులన్నీ నిండిపోతాయి. అందుకని వచ్చిన ప్రతి ప్యాకెట్టునూ ఇలా నిలదీస్తుంది: "నిన్ను పంపినవారి దగ్గరకు నేను పోవాలంటే ఏ గుమ్మంలోంచి పోవాలి? నువ్వు ఆ గుమ్మంలోంచే వచ్చావా?" కాకపోతే పారేస్తుంది. ఈ ఉపాయాన్ని యోగేన్ దలాల్, రాబర్ట్ మెట్‌కాఫ్ 1978లో ప్రకటించారు.

ఇప్పుడు పి.గన్నవరం అక్విడక్టు గుర్తు చేసుకోండి. కింద వైనతేయ తన దారిన పోతుంటే, పైన కాలువ నీరు రాజోలు వైపు పోతుంది. కింద నది ఉన్న సంగతే దానికి పట్టదు. రూటర్ల మధ్య కూడా ఇంజనీర్లు ఇటువంటి దారులు వేస్తారు. మామూలుగా ప్యాకెట్లన్నీ దగ్గరి దారినే పడతాయి. అది కిక్కిరిసి, చుట్టుదారి ఖాళీగా ఉంటే, కొన్నింటికి చీటీ అంటించి చుట్టుదారిన పంపుతారు. నడుమనున్న రూటర్లు చీటీనే చూస్తాయి గాని చిరునామా చూడవు. ఇదే ట్రాఫిక్ ఇంజనీరింగ్ టన్నెల్. అక్విడక్టులాగే ఇదీ ఒకవైపే పారుతుంది. చిక్కంతా అక్కడే.

బొమ్మలు రాజమండ్రిలో బయలుదేరుతున్నాయనీ, రాజోలు రూటర్ నుంచి అటువైపు ఒక టన్నెల్ వేశారనీ అనుకుందాం. "రాజమండ్రి పోవాలంటే టన్నెల్ గుమ్మం" అని రూటర్ తన పట్టికలో రాసుకుంటుంది. బొమ్మ మాత్రం ఎప్పటిలాగే మామూలు తీగ గుమ్మంలోంచి వస్తుంది. టన్నెల్లోంచి ఎలా వస్తుంది? అది పోయే దారేగాని వచ్చే దారి కాదు గదా! రూటర్ దాన్ని దొంగకింద జమకట్టి పారేస్తుంది. పైగా "నాకూ ఒక ప్రతి పంపండి" అనే కబురు కూడా ఆ పట్టిక చూసే పోవాలి. కనుక కొత్తగా టీవీ పెట్టినవారికి బొమ్మ రానే రాదు. ఇంటర్నెట్ చక్కగా నడుస్తుంటుంది, టీవీ తెర మాత్రం నల్లగా ఉంటుంది. తీగ తెగలేదు, యంత్రం చెడలేదు. లోపం వెతికేవాడికి తల తిరిగిపోతుంది.

దీనికి మందు రెండు పట్టికలు ఉంచడమే. మామూలు ప్యాకెట్లను పంపడానికి టన్నెల్ ఉన్న పట్టిక, మల్టీకాస్ట్ తనిఖీకి అసలు తీగల దారులు మాత్రమే ఉన్న పట్టిక. సిస్కో రూటర్లలో ఇందుకు "మల్టీకాస్ట్ ఇంటాక్ట్" అనే ఒక్క వరుస ఆజ్ఞ ఉంది. అది ఇచ్చాక రూటర్ మళ్ళీ అదే ప్రశ్న అడుగుతుంది. ఈసారి గుమ్మం సరిపోతుంది, మోరిలో ఆట కనబడుతుంది.