అనపకాయల కాలానికి రండి

విదేశాల్లో పెరుగుతున్న పిల్లలూ, జోడీ ఫాస్టర్ 1995లో తీసిన ‘హోమ్ ఫర్ ద హాలిడేస్’ సినిమా దొరికితే, మీ అమ్మానాన్నల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. చికాగోలో ఒక మ్యూజియంలో పనిచేసే క్లాడియాకు ఉద్యోగం ఊడుతుంది. ఆ దిగులుతోనే థ్యాంక్స్‌గివింగ్‌కు బాల్టిమోర్‌లోని పుట్టింటికి పోతుంది. అక్కడ అమ్మ నోటికి అడ్డూ అదుపూ ఉండదు. తోడబుట్టిన టామీ అందర్నీ ఆటపట్టిస్తుంటాడు. టర్కీ కోడిని కోస్తుంటే అది జారి ఇంకో తోబుట్టువు జోయాన్ ఒళ్లో పడుతుంది. మనకు నవ్వు ఆగదు. జోయాన్‌కు మాత్రం ఏళ్ల తరబడి అణచుకున్న కోపమంతా బయటికొస్తుంది. తరవాత క్లాడియా రాజీ చేసుకుందామని ఆమె ఇంటికి వెళ్తుంది. జోయాన్ కరగదు.

తెలుగులో ఇలాంటి కథ ‘శతమానం భవతి’. వేగేశ్న సతీశ్ దర్శకత్వంలో 2017 సంక్రాంతికి వచ్చింది. ఆరోగ్యకరమైన వినోదం పంచిన జనరంజక చిత్రంగా జాతీయ పురస్కారం కూడా అందుకుంది. ఆత్రేయపురంలో ఉండే రాఘవరాజు, జానకమ్మల పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు. ఊరికి రావడానికి వాళ్లకు తీరిక చిక్కదు. చివరికి రాఘవరాజు, మీ అమ్మకు విడాకులిస్తున్నానని వాళ్లకు కబురు పెడతాడు. అందరూ పరుగున వస్తారు. పండగ సందడిలో నవ్వులు చాలానే ఉన్నాయి కానీ, ఆ కబురు సంగతి జానకమ్మకు తెలిసే ఘట్టమే నాకు ఆ సినిమాకు ప్రాణం. బిడ్డలు రావడానికి అంత అబద్ధం కావాల్సొచ్చిందే అన్న బాధను జానకమ్మగా నటించిన జయసుధ ముఖంలో చూడండి.

రెండూ నాకు ఇష్టమే. అయితే కృష్ణగిరి దగ్గరి మన కుందారపల్లి ఇళ్లకు ఏది దగ్గరంటే అమెరికా సినిమాయే అంటాను. తెలుగు సినిమాలో ఆఖరుకు అందరూ కలిసిపోతారు. మన దిక్కు భూమి పంచుకున్నప్పుడు గెనిమ మీద తెగిన మాట అంత సులువుగా అతుక్కోదు. అయినా ఒకే ఇంట్లో కూడుతారు, ఒకే వరసలో కూర్చుని తింటారు. అది చిన్న విషయం కాదు.

అలా కూడే కాలం అనపకాయలది. చలి ముదిరేకొద్దీ అవి దిగుతాయి. కాయలు ఒలిచి, గింజల్ని రాత్రి నీళ్లలో నానేసి, తెల్లారి ఒక్కో గింజనూ వేళ్ల మధ్య పితికి తోలు తీస్తారు. పితికిన పప్పు పులుసుకు రాగిముద్ద ఉండాలి. ఇంటిల్లిపాదికీ సరిపడా పితకడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. అవ్వ, అత్తలు, చిన్నమ్మలు, ఎడమొహం పెడమొహంగా ఉండే పెద్దనాయన, చిన్నాయన అందరూ ఒకే తట్ట చుట్టూ కూర్చోవాల్సిందే. చేతులకు పని ఉంటుంది, ముఖాలు చూసుకోనక్కర్లేదు. పాత లెక్కలన్నీ అప్పుడే బయటికొస్తాయి.

“నీ పెండ్లికి నా ఎద్దుల్ని అమ్మితిని, మరిచిపోతివా?” అంటాడు పెద్దనాయన.

“అమ్మమని నేను అడిగినానా?” అంటాడు చిన్నాయన.

“గింజలు కింద పడతా ఉండాయి, చూసుకోండిరా” అంటుంది అవ్వ.

అందరూ నవ్వుతారు. ఎద్దుల లెక్క తేలదు. ఆ నవ్వు ఏ సినిమాలోనూ దొరకదు మీకు.

ఆ తట్ట దగ్గర మీ ఈడు పిల్లలూ ఉంటారు. బెంగళూరులో చదివేవాళ్ల నోట కన్నడం, కృష్ణగిరిలో చదివేవాళ్ల నోట తమిళం దొర్లుతుంటాయి. 2006లో తమిళనాడు ప్రభుత్వం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏడాదికో తరగతి చొప్పున పదో తరగతి దాకా అమలు చేసుకుంటూ పోయారు. తాతలు తెలుగు బడిలో చదివిన ఇళ్లలో ఇప్పుడు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేని పిల్లలు ఉన్నారు. ఇది నన్ను చాలా బాధపెట్టే సంగతి. మీలోనూ అలాంటివాళ్లు ఉన్నారు కదా. అందుకే మీ తెలుగు సరిగ్గా లేదని వాళ్ల ముందు జంకకండి. అవ్వతో మాట్లాడే తెలుగు ఒక్కటే మీ అందరికీ కలిసే చోటు. తప్పులతోనే మాట్లాడండి, తప్పులతోనే పోట్లాడండి.

రావడానికి ఒక చిక్కుంది. మీ బడి సెలవులు జనవరి మొదట్లోనే అయిపోతాయి, సంక్రాంతి ఆ నెల నడుమ వస్తుంది. ఆ లెక్క చూసి చాలా ఇళ్లలో ప్రయాణం మరుసటి ఏటికి వాయిదా పడుతుంది. పండగ కోసం ఆగకండి. రాగిచేలో సాళ్లుగా వేసిన అనప డిసెంబరులోనే కాపుకొస్తుంది. వచ్చేది మాత్రం రెండు రోజుల కోసం కాకూడదు. బెంగళూరు బజార్లు, తిరుపతి దర్శనం, ఎవరిదో పెండ్లి అంటూ తిరిగితే కుందారపల్లికి మిగిలేది ఒక పూటే. ఆ పూట అందరూ మిమ్మల్ని చుట్టాల్లా చూస్తారు, మంచి మాటలే మాట్లాడతారు. కనీసం వారం ఉంటే ఆ మర్యాద తగ్గుతుంది. మీ మీద అరుస్తారు, మీ చేత పనులు చేయిస్తారు, మీ నాన్న చిన్నప్పటి గుట్లన్నీ చెప్తారు.

టికెట్లు తీసేముందు అవ్వకు ఫోన్ చేసి, ఈ ఏడు అనపకాయలు ఎప్పుడు కోతకొస్తాయో అడగండి. ఆమె చెప్పిన వారానికే రండి.