తెడ్డు పట్టినవాడు కోచ్ అయితే...

పడవ పందెంలో ఒక చమత్కారం వుంది. తెడ్డు వేసేవాడు గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటాడు. 2,000 మీటర్లూ వెనక్కు చూస్తూనే ముందుకు పోవాలి. ఎనిమిదిమంది తెడ్లు వేసే పెద్ద పడవలోనైతే, దారి చూసేందుకు మన సరంగులాగ ‘కాక్స్’ ఒకడుంటాడు. మోటారు పడవలో వెంట వస్తూ, అందరినీ చూడగలిగేవాడు కోచ్.

మా మేనల్లుడు ఇప్పుడా మోటారు పడవ ఎక్కుతానంటున్నాడు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో హుస్సేన్ సాగర్‌లో రోయింగ్ నేర్చాడు. చదువూ అయింది, పోటీలూ అయ్యాయి. ఏదైనా కాలేజీలో కోచ్‌గా చేరాలని వాడి కోరిక. బెంజ్ సర్కిల్ దగ్గర వాళ్లింట్లో కాఫీ తాగుతుండగా మా బావగారు, “తెడ్డేస్తే కడుపు నిండుతుందిట్రా?” అని అడిగేశారు. మా అక్కయ్య నా వంక చూసింది.

అడగవలసిన ప్రశ్నే. అమెరికాలో దీనికి జవాబు యేనాడో దొరికింది. అక్కడ కాలేజీల మధ్య జరిగిన మొట్టమొదటి క్రీడాపోటీయే పడవ పందెం - 1852లో హార్వర్డ్, యేల్ విద్యార్థుల మధ్య. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అల్ అల్‌బ్రిక్సన్ అనే ఆయన 1920లలో విద్యార్థిగా తెడ్డు వేశారు; తరువాత అక్కడే కోచ్ అయ్యారు. ఆయన శిష్యులే 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఎనిమిదిమంది పడవ పందెం గెలిచారు. మనిషి మహా మితభాషి! కోచ్ అంటే అరిచేవాడనుకునే వారికి ఈ మాట చెప్పాలి.

మన దేశానికి వస్తే, బజరంగ్ లాల్ తాఖర్‌ది ఎడారి రాష్ట్రమైన రాజస్థాన్. సైన్యంలో చేరాకనే తెడ్డు పట్టారు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచారు. రోయింగ్‌లో మన దేశానికి అదే తొలి ఆసియా స్వర్ణం. అప్పటి జాతీయ కోచ్ మన హైదరాబాదీ, 2005లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్న ఇస్మాయిల్ బేగ్. 2024 పారిస్ ఒలింపిక్స్ నాటికి తాఖర్ తానే కోచ్. శిష్యుడు బల్‌రాజ్ పన్వర్ 23వ స్థానంలో నిలిచాడు.

అయితే మంచి పందెగాళ్లంతా మంచి కోచ్‌లవుతారా? కారని నా అభిప్రాయం. చూసేవారికి బలమంతా చేతుల్లో వుందనిపిస్తుంది. నిజానికి ఆసనం పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఎక్కువ బలం కాళ్లదే. తెడ్డు నీట మునిగే క్షణం అందరిదీ ఒకటి కావాలి. రెప్పపాటు ఆలస్యమైనా పడవ తూగు చెడుతుంది. ఆ తప్పు పందెగాడి ఒంటికి తెలుస్తుంది. కాని గట్టునున్న కుర్రాడికి దాన్ని మాటల్లో చెప్పడం వేరే విద్య.

ఇక్కడ ఉద్యోగానికి ఇంకో గడప దాటాలి. మన కాలేజీల్లో ఆటల పెత్తనం ఫిజికల్ డైరెక్టరుది. వ్యాయామ విద్యలో పట్టా అడుగుతారు, పతకం ఒక్కటే చాలదు. కోచ్‌లకు డిప్లొమా ఇచ్చే జాతీయ క్రీడా సంస్థ 1961 నుంచీ పటియాలాలో వుంది. ఇదంతా బావగారికి విడమరచి చెప్పాను. “ఫీజెంత?” అన్నారు. అంటే సగం ఒప్పుకున్నట్లే!

ఇక నీళ్లంటారా? 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణమ్మ విశాలంగా నిలిచివుంటుంది. పందేనికి కావలసిన నిడివికి లోటు లేదు. ముందు పడవ కొనే కాలేజీ ఏదో తేలాలి.